కుడికాలి బూటూ, ఎర్ర పెన్నూ

ఆ రోజుల్లో, కాగితం మీద లేనిది లోకంలో జరగనట్టేనని నా గట్టి నమ్మకం. తప్పు నాది కాదు, ఉద్యోగానిది. తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబులో కొత్తగా చేరాను. పొద్దున్నే మేడ్చల్‌లో కంపెనీ క్యాబ్ ఎక్కితే సాయంత్రం దాకా రాతకోతలే. మా పై అధికారిని అందరం నీలం పెన్ను సార్ అనేవాళ్లం. (వేరే రంగు సిరా కనిపిస్తే ఆయనకు కళ్లు తిరిగేవి.) రాతలో తప్పు పోతే గజిబిజిగా కొట్టేయకూడదు, వైట్‌నర్ పూయకూడదు. పాత మాట కనపడేలా ఒక్క గీత గీసి, పక్కన సంతకం, తేదీ, దిద్దిన కారణం రాయాలి. ఈ జబ్బు నాతో పాటే క్యాబ్ ఎక్కి ఇంటికీ వచ్చేసింది. ఓసారి కిరాణా చీటీలో చింతపండు కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. మా అత్తమ్మ ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "చింతపండుకు గూడ సంతకమేందే, రిజిస్ట్రేషన్ ఆఫీసుల ఉన్నమా?" అంది.

మా పిట్ట (కిచకిచమంటూ ఒక్క క్షణం ఊరుకోదని నా కూతురికి మేం పెట్టుకున్న పేరు) అప్పుడు మూడో తరగతి. శామీర్‌పేట వైపున్న బడికి బస్సులో వెళ్ళేది. ఒక సోమవారం ఒంటి బూటుతో ఇంటికొచ్చింది. రెండోదేదే అంటే పోయిందంది. కొత్త జత కొనిచ్చి, జాగ్రత్త లేదని నాలుగు చీవాట్లు కూడా పెట్టాను. మర్నాటి నుంచి పొద్దున లేస్తే కడుపునొప్పి. మాటలు తగ్గిపోయాయి. గురువారం స్నానం చేయిస్తుంటే అత్తమ్మకు దాని జబ్బ మీద గిల్లిన మచ్చలు కనపడ్డాయి. అప్పుడు బయటపడింది సంగతి. బస్సు వెనక సీట్లో ఐదో తరగతి ఆడపిల్లలు ముగ్గురు, ఇది కప్పలా బెకబెకమంటేనే కూర్చోనిచ్చేవాళ్లట. అనకపోతే గిల్లుడు. సోమవారం అననందుకు బూటు ఊడదీసి చెరువు కట్ట దగ్గర కిటికీలోంచి విసిరేశారట. ల్యాబులో ఫ్రిజ్ వేడి ఒక్క డిగ్రీ పెరిగితే పట్టేసేదాన్ని, ఇంట్లో పిల్ల మాట మానేస్తే పట్టుకోలేకపోయాను. ముందు ఏడుపొచ్చింది, ఆ వెనకే పట్టరాని కోపం వచ్చింది.

కోపమొస్తే మామూలు మనుషులు అరుస్తారు. నేను రిపోర్టు రాశాను. ల్యాబులో ఏదైనా తేడా వస్తే రాసే పద్ధతిలోనే, ఏం జరిగింది, ఎక్కడ, ఎవరు చూశారు, మూలకారణం, దిద్దుబాటు చర్య, అన్నీ వరసగా. మిగిలిన బూటును జిప్ కవర్లో వేసి "నమూనా: ఎడమకాలి బూటు" అని చీటీ అంటించాను. మా ఆయన అది చూసి, "గది బడి, నీ ల్యాబ్ గాదు. పొయ్యి సక్కగ మాట్లాడరాదు" అన్నాడు. అత్తమ్మ ప్రతి ఆదివారం చర్చిలో మొదటి వరసలో కూర్చునే మనిషి, ఎక్కడ క్షమించేయమంటుందోనని నా భయం. ఆవిడ చర్చికి కట్టే తెల్ల చీర కట్టుకుని బయల్దేరింది. "క్షమిస్తం, ఎందుకు క్షమించం? ముందుగాల తప్పు ఒప్పుకోవాలె గద. పా" అంది.

శుక్రవారం సెలవు పెట్టి, పిట్టను వెంటబెట్టుకుని వెళ్ళాం. బడి పెద్ద మేడం నా కాగితం చదివి, కవర్లో బూటును చూసి నవ్వింది. "పిల్లలన్నాక ఆడుకుంటారమ్మా. దీనికి ఇంత హంగామానా? మా బడి నచ్చకపోతే టీసీ తీసుకోవచ్చు" అంది. టీసీ అనేసరికి నాకు భయమేసింది. సంవత్సరం మధ్యలో ఇంకో బడిలో సీటెవరిస్తారు? పైగా, గిల్లిన వాళ్లు బడిలో ఉండి, గిల్లించుకున్నది ఇంట్లో ఉండాలా?

నేనింకా నోరు తెరవకముందే మేడం అలవాటుగా ఎర్ర పెన్ను తీసి, నోటుబుక్కు దిద్దినట్టే నా రిపోర్టును దిద్దడం మొదలుపెట్టింది. "గిల్లారు" మీద బరబరా గీకి, పైన "ఆటలో తగిలింది" అని రాసింది. ఎర్ర సిరా. సంతకం లేదు, తేదీ లేదు. నా భయం అక్కడితో పక్కకు పోయింది.

"మేడం, గట్ల దిద్దొద్దు" అన్నాను. "ఒక్కటే గీత గియ్యాలె. పక్కన మీ సంతకం, తేదీ, కారణం రాయాలె." (తెలివితేటలనుకునేరు, ఒట్టి అలవాటు.)

మేడం కళ్లెర్రజేసేలోపు పక్కనుంచి సన్నగా ఓ గొంతు. "అమ్మా, అది ఎడమది గాదు. కుడిది." ఆ వారంలో పిట్ట అడగకుండా పలికిన మొదటి మాట అదే. చూస్తే నిజమే, పోయిన బూటు పేరును మిగిలిన బూటుకు అంటించాను. "ముందు మీ తప్పు దిద్దుకోండి" అంది మేడం, దొరికావు అన్నట్టు. సిగ్గుపడకుండా నీలం పెన్ను తీశాను. "ఎడమ" మీద ఒక్క గీత, పైన "కుడి", సంతకం, తేదీ. కారణం: కోపం. ఆ పెన్నే ఆవిడ ముందు పెట్టాను. "ఇగ మీరు రాయుండ్రి మేడం."

మేడం పంతానికి పోయి తన రాత పక్కన సంతకం పెట్టింది, తేదీ వేసింది. కారణం దగ్గర పెన్ను ఆగిపోయింది. అత్తమ్మ మెల్లగా అడిగింది, "రాయి బిడ్డా. ఆటల తగిలిందని నీకెవలు జెప్పిన్రు?" ఎవరూ చెప్పలేదు మరి. చివరికి బస్సు ఆయమ్మను పిలిపించారు. ఆమె గుమ్మంలోనే నిలబడి, "నేను రెండుమాట్ల జెప్పిన మేడం, మీరే తర్వాత జూద్దామన్నరు" అంది.

మేడం తను రాసిన దాని మీద తనే ఒక్క గీత గీసింది. పైన మళ్ళీ "గిల్లారు" అని రాసి సంతకం చేసింది. సోమవారం నుంచి ఆ ముగ్గురూ డ్రైవరును ఆనుకుని ఉన్న ముందు సీట్లోకి, ఆయమ్మ చిట్టచివరి సీట్లోకి మారారు. వాళ్లు తల్లిదండ్రులతో వచ్చి తప్పయిందన్నాక అత్తమ్మ ముగ్గురి తలల మీదా చెయ్యి పెట్టి క్షమించింది. (ఒక తల మీద కాస్త గట్టిగానే పెట్టిందని నా అనుమానం.)

పిట్టకిప్పుడు ఇంటర్. బీరువా సర్దుతున్నప్పుడు ఆ కాగితం, దానికి గుచ్చిన బూటు చీటీ దొరికితే చదివి పడీపడీ నవ్వుతుంది. "ఎంత పొగరమ్మా నీకు" అంటుంది. నిజానికి ఆ రోజు నాలో కోపం కంటే భయమే ఎక్కువ. "కోపం" మీద ఒక్క గీత గీసి, "భయం" అని దిద్ది, సంతకం, తేదీ పెట్టాలని ఇప్పటికీ అనిపిస్తుంది. పెన్ను తీస్తాను, మళ్ళీ మూత పెట్టేస్తాను. ఉండనీ. ఆ వయసులో నాకు ఆ కోపం బాగానే నప్పింది.