పిట్టకు ఇల్లు చూపించిన నర్సవ్వ

మధ్యాహ్నం కరెంటు పోయింది. కుట్టుమిషను మోటారు మూలుగుతూ ఆగింది. ఆ వెంటనే పంజరంలో ముత్యం తన పసుపుపచ్చ జుట్టు నిక్కబొడుచుకుని గొంతు సవరించుకుంది. ముత్యం అంటే మా కాకటూ, చిలుకల జాతి పిట్ట. ఒళ్లంతా తెలుపు, కోడంత ఉంటుంది. దాని అరుపు విననివాళ్లకు ఎలా చెప్పను! సందు చివర కిరాణా కొట్టులో చక్కెర తూస్తున్నవాడు కూడా ఉలిక్కిపడి తూకం తప్పుతాడు. అందుకని పక్కనున్న స్టీలు చెంబు అందుకుని కత్తెర పిడితో కొట్టడం మొదలుపెట్టాను. టక్, టక్‌టక్. టక్, టక్‌టక్. ముత్యం జుట్టు దించి, కళ్లు సగం మూసి, తల ఊపుతూ కూర్చుంది. ఈ చప్పుడు నేను కనిపెట్టింది కాదు, మా ఇంటి యజమానురాలు నర్సవ్వది. ఆమె ఇప్పుడు లేదు. కరీంనగర్‌లో కరెంటు పోయినప్పుడల్లా ఆమె గుర్తొస్తుంది, అంటే తరచుగానే గుర్తొస్తుంది.

మా ఆయన మస్కట్ పోయిన కొత్తలో, పాప శ్రావణిని వెంటబెట్టుకుని అద్దె గది కోసం తిరుగుతున్న రోజులవి. నేను జాకెట్లు కుడతానని చెప్పగానే, మిషను చప్పుడు మాకు పడదని ఒక్కో తలుపూ మర్యాదగా మూసుకునేది. నర్సవ్వ మాత్రం అవునని గానీ కాదని గానీ అనలేదు. "మిషిని తెచ్చి గీ ఎన్కటి అర్రల ఏస్కో. పొద్దుగూకెదాక కుట్టు. నీ చప్పుడు నాకు పడ్తదో లేదో నేను జూస్త, నా నోరు నీకు పడ్తదో లేదో నువ్వు జూడు" అంది. ఆ పొద్దంతా నేను కుట్టాను, ఆమె పాలవాడిని, కోడళ్లను, ప్రభుత్వాన్ని వరసగా తిట్టింది. దీపాలు పెట్టే వేళకు చాయ్ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టి, "సిరిసిల్లల పుట్టినదాన్ని. సాంచాల నడుమ కండెలు సుట్టుకుంట పెరిగిన. నీ మిషిని నాకొక లెక్కనా?" అని నవ్వింది. సాంచాలంటే అక్కడ మరమగ్గాలు. ఆ రోజు నుంచి నేను ఆమెను పెద్దమ్మా అని పిలవసాగాను.

కొన్నేళ్ల తర్వాత ఒక సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. మస్కట్‌లో అతని రూములో ఉండే సురేష్ ఊరు సిరిసిల్ల. "సురేష్ ఇంట్ల ఒక తెల్ల పిట్ట ఉన్నదట. మోజుపడి హైదరాబాద్ కెళ్లి కొనుక్కొచ్చిండు, ఇప్పుడు వాళ్ల బాపుకు దాని రెక్కల పొడితోని దమ్ము లేస్తుందట. మనోళ్లు పెట్టుకుంటరా అని అడుగుతుండు" అన్నాడు. కాదంటే ఊరవతల రిసార్టువాడికి ఇస్తారట. వాడు గేటు దగ్గర కట్టేసి, వచ్చేపోయేవాళ్లతో ఫోటోలు దింపిస్తాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, ఆ జాతి పిట్ట ఇంచుమించు మనిషంత కాలం బతుకుతుందని. నాకు ఒళ్లు మండింది. "నువ్వేమో రెండేండ్లకోపారి సుట్టపు సూపుకొస్తవు, అది మాత్రం మనిషంత కాలం నా నెత్తి మీద ఉండాల్నా?" అన్నాను. మా ఇంట్లో మిషను సెకండ్ హ్యాండు, ఫ్రిజ్జు సెకండ్ హ్యాండు, ఇప్పుడు పిట్ట కూడానా! కానీ శ్రావణి ఆ మాటలన్నీ విన్నది. తండ్రి వెళ్లిన తర్వాత అది బడిలో తప్ప నోరు తెరిచేది కాదు, వీడియో కాల్ వస్తే పరుపు చాటుకు పోయేది. అలాంటిది ఆ రాత్రి అన్నం తింటూ, "అవ్వా, అది నీళ్లు ఎట్ల తాగుతది?" అని నన్ను అడిగింది. దానికి అవ్వ అంటే అమ్మే. నాకు సంతోషం కన్నా భయం ఎక్కువ వేసింది. తెచ్చుకున్నాక సాకలేక వెనక్కి పంపాల్సివస్తే, ఇంట్లోంచి ఇంకొకరు వెళ్లిపోవడం ఈ పిల్ల చూడాలి. అది నేను తట్టుకోలేను.

మరునాడు నర్సవ్వ దగ్గరకు వెళ్లాను. ఆమె వద్దంటుందనే ఆశతోనే వెళ్లాను. "ఇల్లు నీది పెద్దమ్మా. నువ్వు వద్దంటె వద్దు" అన్నాను. ఆమె చిక్కుడుకాయ ఈనె తీస్తూ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఓహో! నేను వద్దనాలె, పోరి ముంగట నేను చెడ్డదాన్ని గావాలె, నువ్వు మంచిగ కూసోని జాకెట్లు కుట్టుకోవాలె. నా మీద బెట్టకు బిడ్డా." నాకు తల కొట్టేసినట్టయింది. మరి ఏం చేయమంటావని అడిగితే, "పిల్లనిచ్చేటోళ్లు ముందుగాల వచ్చి ఇల్లు సూసుకుంటరు గదా? గట్లనే గా పిట్టను దోల్కొని రమ్మను. నీకు అది నచ్చుడు తర్వాత. దానికి మన ఇల్లు నచ్చుతదో లేదో సూడనీ" అంది. నేను పకపకా నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆదివారం సురేష్ తల్లిదండ్రులు పాత చీర కప్పిన పంజరంతో ఆటో దిగారు. నర్సవ్వ నిజంగానే వియ్యాలవారు వచ్చినట్టు కాళ్లకు నీళ్లిచ్చింది, ఆ తల్లికి బొట్టు పెట్టింది, వేడివేడి సర్వపిండి వడ్డించింది. నేనేమో కొత్త చోట పిట్ట బెదురుతుందని తెల్లారినప్పటి నుంచీ ఇల్లంతా నిశ్శబ్దం చేసి పెట్టాను. మిషను మీద దుప్పటి కప్పాను. పక్కింటివాళ్లను బతిమాలి టీవీ ఆపించాను. శ్రావణిని గట్టిగా ఊపిరి కూడా పీల్చొద్దన్నాను. చీర తీసీ తీయగానే ముత్యం నలువైపులా చూసి, జుట్టు విప్పి, ఒక్క అరుపు అరిచింది. నా చేతిలోని గ్లాసు జారింది. మేం ఉష్ ఉష్ అన్నకొద్దీ అది ఇంకా అరిచింది, తన రొమ్ము మీది ఈకలు తానే పీక్కుంది. చూస్తే ఆ రొమ్ము అప్పటికే సగం బోసిగా ఉంది. "మొదట్ల గిట్ల ఒర్రకపోవు తల్లీ, ఏమైందో ఏమో" అని సురేష్ తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సందులోవాళ్లు తొంగి చూశారు. నేను తేల్చేశాను. "పరేషాన్ గాకుండ్రి చిన్నమ్మా, మాతోని అయ్యేటట్టు లేదు" అన్నాను. శ్రావణి మూలకు పోయి గోడకు ముఖం పెట్టి నిలబడింది. నర్సవ్వ ఇంకో సర్వపిండి తెచ్చి సురేష్ తండ్రి పళ్లెంలో వేసింది.

ఆ గోలలోనే మా సందు చివరింటి అమ్మాయి పరుగున వచ్చింది. "అక్కా, జాకిటి పడ్తలేదు, గీ గంటల పెండ్లికి పోవాలె, జర కుట్లిప్పి ఇంకో కుట్టెయ్యి." పని పనే కదా. దుప్పటి తీసి, కుట్లు విప్పి, మోటారు వేశాను. గర్ర్‌మని మిషను కదిలింది, ముత్యం అరుపు సగంలో ఆగింది. దారం తెంచడానికి ఆపాను, మళ్లీ అరిచింది. వేశాను, ఊరుకుంది. జుట్టు దించి, తల ఒక పక్కకు వాల్చి, కాళ్ల మీద అటూ ఇటూ ఊగసాగింది. సురేష్ తండ్రి, ఆ పెద్దాయన, పళ్లెం పక్కన పెట్టాడు. "దాన్ని సాంచాల అర్రలనే ఏలాడగట్టినం. సాంచాలు అమ్మినప్పటిసంది ఒర్రుతుంది. మాకు సమజ్ గాలే" అన్నాడు. మళ్లీ, మెల్లగా, "నాకు గూడ గప్పటిసంది నిద్ర వడ్తలేదు" అన్నాడు. జాకెట్టు పని అయిపోయింది, ఆ అమ్మాయి వెళ్లిపోయింది, నేను మోటారు ఆపబోయాను. నర్సవ్వ నా భుజం మీద చెయ్యి వేసింది. తిరిగి చూస్తే పెద్దాయన గోడకు ఆనుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నాడు. "ఆపకు బిడ్డా. ఇద్దరు నిమ్మళంగున్నరు" అంది నర్సవ్వ. ఆ మధ్యాహ్నం నేను పనికిరాని గుడ్డపేలికల మీద ఎన్ని కుట్లు వేశానో! శ్రావణి ఎప్పుడు వచ్చిందో, పంజరం పక్కన కూర్చుని తలను పిట్టతో పాటు ఊపుతోంది.

పొద్దువాలాక నర్సవ్వ అందరి ముందూ అడిగింది. "ఇగ జెప్పు. నీ మాట నువ్వే జెప్పు." ఏ ఇల్లూ వద్దన్న నా మిషను చప్పుడే దానికి కావాల్సి వచ్చిందని తెలిశాక ఇంకేం చెప్తాను? "ముత్యం మాకాడనే ఉంటది" అన్నాను. పెద్దాయన ఆ తర్వాత కూడా వీలైనప్పుడల్లా బస్సెక్కి వచ్చేవాడు. ముత్యాన్ని దూరం నుంచే పలకరించి, అన్నం తిని, మిషను పక్కన ఒక కునుకు తీసి వెళ్లేవాడు. కరెంటు పోతే మాత్రం తిప్పలే. అప్పుడు గోడ అవతల ముందు వాటాలోంచి నర్సవ్వ చెంబు మోగేది. టక్, టక్‌టక్. చిన్నప్పుడు విన్న మగ్గం నడక ఆమె చేతిలో అలాగే ఉంది. వంట చేస్తున్నా, ఎవరినైనా తిడుతున్నా, కరెంటు పోయిందంటే ముందు చెంబు అందుకునేది.

మొన్న శ్రావణి వచ్చి, "ఇంటర్ తర్వాత ఏం జదవాల్నో నువ్వే జెప్పవ్వా" అంది. "నా మీద బెట్టకు బిడ్డా. గా కాలేజీల ఒక పొద్దు కూసోనిరా, తర్వాత మాట్లాడుదాం" అన్నాను. అన్నాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. ఆ మాట ఎవరిదో దానికీ తెలుసు.

నర్సవ్వ నిద్రలోనే పోయింది. ఆమెను తీసుకుపోయిన రోజు నేను మిషను మీద దుప్పటి కప్పేశాను. వచ్చినవాళ్లు వెళ్లిపోయాక ఇంట్లో చప్పుడన్నది లేదు. ముత్యం అరుస్తుందని, అరిస్తే ఏం చేయాలని కూర్చున్నాను. అది అరవలేదు. ముందు వాటా గోడ వైపు తల వంచి చాలాసేపు చూసింది. తర్వాత తన స్టీలు గిన్నెను ముక్కుతో పట్టి పంజరం ఊచకు కొట్టింది. టక్, టక్‌టక్. ఆగి, మళ్లీ గోడ వైపు చూసింది. మళ్లీ కొట్టింది. అప్పటి దాకా రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. ఏడుస్తూనే లేచి చెంబు, కత్తెర వెతుక్కున్నాను. అప్పటి నుంచి దానికి జవాబు నేనే కొడుతున్నాను.