నాయనమ్మ గీసిన అడ్డగీతలు

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లో మా తాతయ్య నడుస్తూ నడుస్తూ వంటింటి గడప దగ్గర ఆగిపోయేవారు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. వణుకుడు జబ్బు. అడుగు పడక ఆయన అక్కడే నిలబడితే, తాతకి సిగ్నల్ పడలేదని నేను పగలబడి నవ్వేదాన్ని. ఎంత పొగరో చూడండి.

ఒకరోజు మా నాయనమ్మ దారి చూపిద్దామని ముగ్గుపిండితో ఆయన ముందు రెండు పొడవాటి గీతలు గీసింది, పట్టాల్లాగే. తాతయ్య కదల్లేదు. నాకు మళ్ళీ నవ్వొచ్చింది.

"నవ్వకే. మీ తాత నడవనేకపోతే తప్పు ఆయనదేటి? నా గీత సరిగా నేదు. ఇంకోలాగ గీసి సూద్దాం" అంది నాయనమ్మ.

పాతగుడ్డతో తుడిచేసి, ఈసారి పట్టాల కింద స్లీపర్లలా అడుగుకొకటి అడ్డంగా గీసింది. తాతయ్య ఒక్కో గీతా దాటుకుంటూ పీట దాకా వచ్చి కూర్చున్నారు. నేను తలెత్తి ఆయన్ని చూడలేకపోయాను.

ఈమధ్య ఖరగ్‌పూర్‌లోనే మలంచా పేటలో మా ఇంట్లో మావారికీ అదే జబ్బన్నారు డాక్టరు. పాదాలు నేలకి అంటుకుపోయినట్టు ఈడ్చేవారు. మాటలు మరిచిపోయేవారు. బాత్రూమ్ చేరేలోపే బట్టలు తడిసిపోయేవి. ఆ నాలుగడుగులూ తనంతట తాను వెయ్యగలనా అన్నదొక్కటే ఆయన బెంగ. నెలల తరబడి మాత్రలు వేసినా మార్పు లేదు. నేనూ అడ్డగీతలు గీశాను. వాటి మీదే కాళ్ళు ఈడ్చారు. మనసు పెట్టి నడవడం లేదని కసిరాను. ఆ సాయంత్రం నాయనమ్మ మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు డాక్టరుకి చెప్పాను, మాత్రలే కాదు, గీతలు కూడా పనిచేయలేదని. ఆయన ఓపిగ్గా విని, అయితే ఇది వణుకుడు జబ్బు కాకపోవచ్చని తలకి స్కాన్ రాశారు. మెదడులో నీరు చేరి ఉంది. కలకత్తాలో వెన్నులోంచి కొంత నీరు తీసి చూస్తే, మర్నాటికే అడుగు పైకి లేచింది. తర్వాత ఆపరేషన్ చేసి, ఆ నీరు పొట్టలోకి దిగేలా చర్మం కింద సన్నటి గొట్టం పెట్టారు. మతిమరుపు ఇంకా కొంచెం ఉంది. ఉండనీ.

ఎవరైనా ఆగిపోతే ముందు నా ప్రయత్నాన్నే అనుమానించే అలవాటు ఆనాడు నాయనమ్మ పెట్టింది. మధ్యలో మరిచిపోయినా మళ్ళీ దాని దగ్గరికే వస్తాను. నిన్న బాత్రూమ్ దాకా తీసుకెళ్దామని మావారి చెయ్యి పట్టుకున్నాను.

"ఒగ్గెయ్. నానెల్తాను" అన్నారు.

వదిలేశాను.