తెల్లకట్టు మీద కూర్మారావు పేరు

నిన్న పొద్దున టెక్కలి బస్టాండులో పేపరు కొంటుంటే ఫోన్ మోగింది. కూర్మారావు భార్య తులసమ్మ.

"అన్నియ్యా, మీ బావ ఎల్లిపోనాడు."

కాసేపు అర్థం కాలేదు. మొన్ననే పలాసలో డయాలసిస్ బెడ్ మీద నుంచి, ఎవరో రాసిన వ్యాసం చెత్తగా ఉందని ఫోన్లో నన్ను తిట్టాడు. అంత బాగా తిట్టగలిగేవాడు చచ్చిపోతాడని ఎవడనుకుంటాడు?

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కూర్మారావు డైనోసార్ల మనిషి. ఉద్దానం జీడితోటల్లో పుట్టి, జియాలజీ చదివి, యూనివర్సిటీ సర్వీసంతా గోదావరి అవతల ఎర్రమట్టిలో ఎముకలు తవ్వాడు. మన వైపు ఎందుకు తవ్వవని అడిగితే నవ్వేవాడు.

"మన రాయి ముసిల్ది బావా. డైనోసార్లు పుట్టకముందే ముసిల్దయిపోనాది."

ఎముకను మట్టిలోంచి లేపే ముందు, విరిగిన చేతికి కట్టినట్టు, ప్లాస్టర్‌లో ముంచిన గోనెపట్టీలు చుడతారు. ఈ తెల్లకట్టు ఆరాక తవ్వినవాడు దాని మీద తన పేరు, దొరికిన చోటు రాస్తాడు.

కూర్మారావు పేరు రాసేవాడు కాదు.

పేరు రాసిన మొదటి కట్టు ఫోటో చూసి వాళ్ళమ్మ గుండెలు బాదుకుంది. "ఒరే, పీనుగునాగుంది. బతికున్నోడివి, దాని మీద నీ పేరేటిరా? సెరిపెయ్!"

అంతే. కోట్ల సంవత్సరాల లెక్కలు చెప్పే సైంటిస్టు అమ్మ మాట దాటలేదు. నేను వెక్కిరిస్తే ఒకటే జవాబు.

"నువ్వు సదివిన పుస్తకాల్లో మాయమ్మ నేదు బావా."

ఆ పేరులేని కట్టే కొంప ముంచింది. ఒక వేసవంతా అతను తవ్వి తీసిన తొడ ఎముక ఇవాళ మ్యూజియంలో ఉంది. కింద బోర్డు మీద డిపార్ట్‌మెంట్ పెద్దాయన పేరు. రీసెర్చ్ పేపర్లో కూర్మారావు ఆఖరి థాంక్స్‌లో ఉన్నాడు, జీపు డ్రైవర్ పక్కన.

ఆ తవ్వకాల క్యాంపులో సెలవులకి నేనూ ఉన్నాను. పెద్దాయన ఎండలో టెంటు దాటగా చూడలేదు. అడిగితే ఏమన్నారు? "రుజువేది? కట్టు మీద అతని పేరు లేదుగా?"

నిన్న అదే పెద్దాయన "నా ప్రియశిష్యుడు" అని పోస్టు పెట్టాడు. కింద కన్నీళ్ళ బొమ్మలు.

సార్, మీరు ఇది చదువుతారని తెలుసు. పూర్తిగా చదవండి.

కూర్మారావు అరుగు మీద, తను తవ్వినదే, పేరు లేని ఇంకో కట్టు ఉండేది. రిటైరయ్యేటప్పుడు గోడౌన్‌లోంచి పారేయబోతుంటే పర్మిషన్ తీసుకుని తెచ్చుకున్నాడు. లోపల దవడ ఉందని అతని నమ్మకం. పొడుగుమెడ డైనోసార్ల దవడ దొరకడం చాలా అరుదు. డయాలసిస్ మొదలయ్యాక దాన్ని తెరిచే ఓపిక లేకపోయింది.

"మ్యూజియంకే ఇచ్చీవాల. ఇంట్లో దాసుకోడానికి జీడిపిక్కల బస్తానేటి?" అనేవాడు.

నిన్న మధ్యాహ్నం, శవం ఇంకా వాకిట్లో ఉండగానే, వ్యాను వచ్చింది. పెద్దాయన పంపిన అసిస్టెంట్ ప్రొఫెసర్. దండ వేశాడు. తిన్నగా అరుగు దగ్గరికి నడిచాడు.

"డిపార్ట్‌మెంట్ ప్రాపర్టీ అమ్మా. సార్ ఇవాళే తెమ్మన్నారు."

పాడె కడుతున్నవాళ్ళు ఆగిపోయారు. వెదురు నరుకుతున్న మేనల్లుడు కత్తి పట్టుకునే లేచాడు. వ్యానులో మనుషులు దిగలేదు.

తులసమ్మ లేచి వచ్చి కట్టుకి అడ్డంగా నిలబడింది.

"అట్టుకెల్లు బాబూ. ఆయనా అదే అన్నాడు. ముందల దాని మీద ఆయన పేరు రాయి."

"అవన్నీ తర్వాత లేబుల్లో..."

"బతికున్నాడని ఇన్నాళ్ళూ రాయనేదు. ఇప్పుడు పోనాడు కదా. ఇంకేటి అడ్డం?"

అతను పెద్దాయనకి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టమన్నాను. "కట్టు మీద కూర్మారావుగారి పేరు రాయమంటున్నారు సార్."

అవతల లైన్ కట్ అయింది.

అతను ఫోన్ జేబులో పెట్టి, మార్కర్ తీసి, మోకాళ్ళ మీద కూర్చుని పెద్ద అక్షరాలతో రాశాడు.

తవ్వినవారు: కూర్మారావు.

తులసమ్మ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుకుంది. పక్కకి జరిగింది.

ఫోటో కింద పెట్టాను. అందరూ సేవ్ చేసుకోండి. లైకులు అక్కర్లేదు. ఆ రాసినతని ఉద్యోగానికి ఏమైనా అయితే ఈ ముసలాడు ఊరుకోడు. అది కూడా గుర్తుంచుకోండి సార్.

పాడె, వ్యాను ఒకేసారి కదిలాయి. ఒకదాని మీద తెల్లగుడ్డ, ఇంకోదానిలో తెల్లకట్టు.

వెళ్ళిరా బావా. అమ్మ మాట దాటలేదు, పేరూ పోలేదు.

ఇక ఎవడూ నిన్ను తవ్వడు. నెమ్మదిగా పడుకో.