కుంటలో గోగుకట్టలు

గోగు కాండం మీద సన్నటి ముళ్లుంటాయని నాకెవరూ చెప్పలేదు. కోతకు దిగిన పూటే రెండు అరచేతులూ గీరుకుపోయాయి. ఒళ్లు మండి కొడవలి విసిరికొట్టాను. మా చిన్నాయన దాన్ని వెతికి తెచ్చి మళ్లీ నా చేతిలో పెట్టాడు.

"బెంగుళూరు చేతులు పాపా. రొంత రక్తం చూడాల అవి" అన్నాడు.

నేను పుట్టి పెరిగింది బెంగుళూరే. ఆఫీసు పని ఇంటినుంచే కాబట్టి ఆ కార్తీకంలో గోరంట్ల దగ్గరున్న మా నాయన వాళ్ల ఊరికి వచ్చాను. సిగ్నల్ కోసం చేనుగట్టుకు పోయి, అక్కడ పనిలో ఇరుక్కుపోయాను. శనక్కాయ చేను చుట్టూ చిన్నాయన గోగు వేస్తాడు. లేతగా ఉన్నప్పుడు ఆకు కూరకు, ముదిరాక కాండం తాళ్లు పేనే నారకు. పువ్వు లేత పసుపు, మధ్యలో నల్లబడిన ఎరుపు. ఫోటో తీసి వెతికితే బెండ, పత్తి, మందారం, ఇది అన్నీ ఒకే కుటుంబమని వచ్చింది. మొగ్గలో రేకులు ఒకదాన్నొకటి చుట్టుకున్న తీరు, ఆకు నలిపితే వేళ్లకు అంటుకునే జిగురు చూస్తే నిజమేననిపించింది. చిన్నాయనకు చూపించాను.

"అట్లయితే మీ మందారంతో ఎద్దును కట్టేయ్ పో" అన్నాడు.

ఒక మొక్కను ఇంత హింస పెట్టొచ్చని నార తీయడం చూశాకే తెలిసింది. కోసి, కట్టలు కట్టి, కుంటలో ముంచి, తేలకుండా పైన బండలు పెడతారు. లోపల అవి కుళ్లాలి. కుళ్లితేనే బెరడు కట్టెను వదులుతుంది. ఆ తర్వాత బయటికి ఈడ్చి, మొదళ్లు దుడ్డుకర్రతో చితక్కొట్టి, తోలు ఒలిచినట్టు ఒలిచి, నీళ్లమీద బాది బాది కడుగుతారు. ఆ కంపు ఒంటికి పట్టుకుంటే సబ్బుకు లొంగదు.

ఏటా ఆ కుంటలోనే ముంచుతారు. ఈసారి వానలు ముందే ఆగిపోయి నీళ్లు సగానికి దిగాయి. పైగా ధర్మవరంలో మగ్గాలు అమ్మేసి వచ్చిన ఒకాయన కుంటను గుత్తకు తీసుకుని చేపపిల్లల్ని వదిలాడు. మా ఊళ్లో అంతకుముందు చేపలు పెంచినవాళ్లు లేరు. ఆయనకూ ఆ పని కొత్తే. చిన్నాయన కట్టలు ముంచుతుంటే గట్టున నిలబడి, "ముంచుకోప్పా, నా చేపలకు నీడైతాది" అని నవ్వాడు కూడా.

ఆ కుంటకే ఒక గొర్రెలాయన మందను తోలుకొచ్చేవాడు. నీళ్లు బురదవుతున్నాయని గుత్తాయన ఒకరోజు కర్ర తీసుకుని గొర్రెల మీద పడ్డాడు. ఒకదాని కాలు విరిగింది. గొర్రెలాయన దాన్ని భుజానేసుకుని కుంటగట్టు మీద నిలబడి అరిచాడు.

"నీ చేపలకు ఎండ్రిన్ మందు పోయకపోతే చూడు రా!"

ఊరంతా విన్నది.

తర్వాత ఒక సాయంత్రం నీళ్లు డికాషన్‌లా కనిపిస్తే వీడియో తీయడానికి దిగాను. కట్టల చుట్టూ చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. చిన్నాయనను పిలిచి చూపించాను. చాలాసేపు చూశాడు.

"మేతకులే" అన్నాడు.

తెల్లారి అరుపులకు లేచి పరిగెత్తాను. కుంట నిండా తెల్లటి పొట్టలు తేలుతున్నాయి. గొర్రెలాయనను తుమ్మచెట్టుకు కట్టేసి ఉన్నారు, మా పాకలోంచి తెచ్చిన గోగుతాడుతో. గుత్తాయన చేతిలో ఉన్నది మా దుడ్డుకర్రే.

"డబ్బా యాడ పారేసినావో చెప్పు!"

"నేను పోయలేదప్పా! నా గొర్రెలు తాగేవీ ఈ నీళ్లే గదా, ఏంటికి పోస్తా?"

"అట్లయితే నువ్వు తాగి చూపిచ్చు" అన్నాడు గుంపులో ఒకడు.

"తే, తాగతా!"

చెంబుతో ముంచి తెచ్చి నోట్లో పోశారు. ఆ కంపుకు ఆయన భళ్లున కక్కేశాడు.

"చూస్తిరా? ఇసమే!"

కర్ర మళ్లీ లేచింది. పెదవి చీలింది, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఇంకో నాలుగు దెబ్బలు పడితే మనిషి మిగలడు. నేను మధ్యలో దూరి ఫోన్ ఎత్తిపట్టాను. "నిన్న సాయంత్రమే చేపలు..." అంటుండగానే గుత్తాయన చేత్తో ఒక్కటి విసిరాడు. ఫోన్ పోయి కుంటలో పడింది.

ఇక నేను కాక చూసిన మనిషి ఒక్కడే మిగిలాడు. చిన్నాయన గుంపు వెనక నిలబడి బండల వైపు చూస్తున్నాడు.

"చెప్పు చిన్నాయనా! నువ్వు చూసినావు గదా!"

"ఇంటికి పో పాపా."

ఎవరి నడుములోదో కొడవలి లాక్కుని తాడు మీద వేశాను. పోగు పోగుగా తెగుతోంది తప్ప తాడు తెగదు. వెనకనుంచి ఎవడో నా జుట్టు పట్టి ఈడ్చాడు. వాడి చెయ్యి కొరికాను, నోట్లోకి రక్తం ఉప్పగా వచ్చింది. మళ్లీ కోశాను. "చిన్నాయనా!" అని ఎంత గట్టిగా అరిచానో, గొంతు పగిలిపోయింది.

నీళ్ల చప్పుడైంది. చిన్నాయన కుంటలోకి దిగి ఒక బండను పక్కకు దొర్లించాడు. కట్టను ఈడ్చుకొచ్చి గుత్తాయన కాళ్లముందు పడేశాడు. నల్లటి నీళ్లు కారాయి. కట్టెల సందుల్లో చచ్చిన చేపపిల్లలు ఇరుక్కుని ఉన్నాయి.

"మందు కాదప్పా, నా గోగు. నీళ్లు కుళ్లిపోయినాయి. నిన్ననే చూస్తి. ఇంగ రెండు దినాలుంటే నార బాగొస్తాదని తీయకపోతి. ఆయప్పను ఇడువు."

గుత్తాయన కట్టను చూశాడు, చేపలను చూశాడు.

"నీడైతాదంటి గదప్పా నేను" అన్నాడు చాలా మెల్లగా. ఆ వెంటనే కర్ర తిప్పి చిన్నాయన మణికట్టు మీద వేశాడు. ఎండిన గోగుపుల్ల విరిచినప్పుడు వచ్చే శబ్దమే వచ్చింది. అంతసేపూ గొర్రెలాయన మీద పడిన చేతుల్లో ఒక్కటీ దీన్ని ఆపలేదు. గుత్తాయన కర్ర వదిలేసి బురదలో కూలబడ్డాడు. "మగ్గాలమ్ముకొని వస్తినే" అని నేలను గుద్దుతూనే ఉన్నాడు.

నేను మిగిలిన పోగులు కోసేశాను. హిందూపురం ఆసుపత్రికి పోవడానికి ఆటో వచ్చి నిలబడింది. గొర్రెలాయన చెట్టు పట్టుకుని లేచి, తెగిన తాడు ముక్కలను ఒక్కొక్కటిగా ఏరి ముడేసుకుంటున్నాడు.

"ఏమబ్బా, తాడు వాళ్లది. ఈడ పెట్టి పో" అన్నాడు ఇందాక చెంబు తెచ్చినవాడు.

"నన్ను కట్టింటిరి గదా దీంతో. ఇది నాదే."

"తీస్కపోనీ" అన్నాడు చిన్నాయన, విరిగిన చేతిని పొట్టకు అదుముకుని.

గొర్రెలాయన మొహం కడుక్కోవడానికి కుంట దాకా నడిచాడు. నీళ్లను చూసి అక్కడే ఆగిపోయి, వెనక్కి తిరిగాడు. చీలిన పెదవితో గొర్రెలను పిలిచాడు. గాలికి రక్తమూ గోగుకంపూ తగిలి అవి దగ్గరికి రాలేదు, తలలెత్తి నిలబడ్డాయి. తాడు భుజాన వేసుకుని ఆయన పెనుకొండ దారి పట్టాడు. చాలా దూరం పోయాక, ఎడంగా, అవి కూడా కదిలాయి.