ఏడు రోజుల పెరుగన్నం

ఆ రిపోర్టు ల్యాబ్ నుంచి ఆలస్యంగా రాలేదు. ఎనిమిది నెలలు నా సొరుగులోనే, కవరు చింపకుండా పడి ఉంది. ఈ మాట అప్పుడే చెప్పవలసింది. చెప్పలేదు.

అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో నేను ఫ్యామిలీ డాక్టర్ని. షుగరు, రక్తహీనత, విటమిన్ల లోపం, రోజూ చూసేవి ఇవే. మన శాకాహారుల్లో బి12 ఎందుకంతగా తగ్గుతోందో తెలుసుకుందామని చిన్న పరిశోధన మొదలుపెట్టాను. ఆదివారాలు గుడి హాల్లో బల్ల వేసుకుని కూర్చునేవాణ్ణి. వచ్చినవాళ్ళు రక్తం ఇవ్వాలి, వారం రోజులు ఏం తిన్నారో ఫారంలో రాసివ్వాలి. రిపోర్టు ఇంటికి పంపుతానని అందరికీ మాట ఇచ్చాను.

వాళ్ళలో ఒకావిడ రిటైరైన లెక్కల టీచరు, కూతురి దగ్గర ఉండేవారు. ఫారం అటూ ఇటూ తిప్పి, "ఇన్ని గళ్ళెందుకు బాబూ? నా కంచంలో ఇన్ని కూరలుండవు," అన్నారు.

"ఉన్నదే రాయండమ్మా," అన్నాను.

ఉన్నదే రాశారు. మొదటి గడిలో పెరుగన్నం. మిగతా గళ్ళన్నిటా, ఏడు రోజులూ, డిటో గుర్తులు.

నాకు చిరాకేసింది. బద్ధకించి నింపారనుకున్నాను. పరిశోధన పేపరు జర్నల్‌కు పంపే గడువు దగ్గర పడుతోంది. 'సరిగా నింపలేదు' అని రాసి ఫారం పక్కన పెట్టేశాను. తరవాత ఆవిడ రక్తం రిపోర్టు వస్తే, విప్పకుండానే ఆ ఫారానికి పిన్ను కొట్టి సొరుగులో వేశాను. లెక్కలోంచి తీసేసిన మనిషి రిపోర్టుతో పనేముందనుకున్నాను.

ఎనిమిది నెలలకు కూతురు ఫోన్ చేసింది. "డాక్టర్ గారూ, అమ్మ బాత్రూంలో పడిపోయింది. కాళ్ళ కింద నేల తెలీట్లేదంటోంది. అప్పుడు బ్లడ్ ఇచ్చాం కదా, ఆ రిపోర్ట్ వచ్చిందా?"

ఫోను చెవి దగ్గర పెట్టుకునే కవరు చింపాను. బి12 చాలా తక్కువ.

"ఇప్పుడే వచ్చిందమ్మా. ల్యాబ్ వాళ్ళు లేట్ చేశారు," అన్నాను.

ఆ రోజే ఇంజెక్షన్లు మొదలుపెట్టాను. నాలుక చాపమంటే ఎర్రగా, నున్నగా ఉంది. ఆ లోపానికి అదొక గుర్తు.

"అప్పటికే కారం తగిలితే మంట. అందుకే మూడు పూటలా పెరుగన్నం. రాశాగా!" అన్నారావిడ.

తిమ్మిరి కొంత తగ్గింది కాని, పాదాలకు స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. వాకర్ వచ్చింది. నా పేపరు అచ్చయింది. గుడిలో నాకు శాలువా కప్పిన రోజు ముందు వరసలో కూర్చుని, వాకర్ పక్కన పెట్టి, ఆవిడ కూడా చప్పట్లు కొట్టారు. నేను అటు చూడలేదు. ఆ తరవాత చాలా ఏళ్ళు ఆవిడ వస్తున్నారంటే నేను పార్కింగ్ వైపు నడిచేవాణ్ణి.

చివరికి ఒక శనివారం వాళ్ళింటికి వెళ్ళాను. కూతురు కాఫీ ఇచ్చి అక్కడే కూర్చుంది. ఏవో కబుర్లయ్యాక ఆవిడే అడిగారు. "ఎన్నాళ్ళ నుంచో అడుగుదామనుకుంటున్నా బాబూ. నా కాగితం మీ లెక్కలో పనికొచ్చిందా?"

కాఫీ కింద పెట్టాను.

"లేదమ్మా. మీరు నిజమే రాశారు. నేనే నమ్మలేదు, తీసి పక్కన పడేశాను. ల్యాబ్ వాళ్ళ తప్పేమీ లేదు. మీ రిపోర్టు ఎనిమిది నెలలు నా సొరుగులో ఉంది. తెరిచి చూసుంటే మీ కాళ్ళ సంగతి ఇంత దాకా వచ్చేది కాదు. మీ అమ్మాయికి అబద్ధం చెప్పాను. నన్ను క్షమించండి."