పుస్తకం ప్రకారం నాలుగు ప్లగ్గులు

నిప్పును కనిపెట్టిన మహానుభావుడు దాంతోపాటు వాడే విధానం రాసిన కాగితం ఇవ్వలేదు. మానవజాతి బతికిపోయింది. ఇచ్చి ఉంటే, ఆనాటి గుహల్లో మా బావలాంటి వాడు ఒక్కడుంటే చాలు, మనమంతా ఇవాళ్టికీ పచ్చి దుంపలు నములుతూ, నాలుగో పేజీలో "హెచ్చరిక" అన్న చోట ఆగిపోయి ఉండేవాళ్లం.

మా బావ, అంటే మా అక్క భర్త, ఏ వస్తువునైనా దాంతో వచ్చిన పుస్తకం పైకి చదివించుకోకుండా ముట్టుకోడు. తను చదువుకోడు, ఇంకొకరు చదవాలి. "చదివేవాడు వేరు, చేసేవాడు వేరు. రెండూ ఒకడే అయితే పని మీద నిఘా ఏదీ?" అంటాడు. ఆయనది బీమా కంపెనీలో ఉద్యోగం. పాలసీ వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఏముందో వెతికి, ఇల్లు కాలినవాళ్లకి అది కాలిన పద్ధతి సరైంది కాదని ఉత్తరం రాయడం ఆయన పని. ప్రతి మాటకీ ముందు "పుస్తకం ప్రకారం" అని తగిలిస్తాడు కాబట్టి వీధిలో అందరికీ ఆయన ప్రకారంగారు. అసలు పేరు పోస్టుమాన్‌కి మాత్రం తెలుసు.

పెళ్లయిన కొత్తలో అక్క తలనొప్పిగా ఉందని మాత్ర అడిగింది. బావ మాత్ర తెచ్చాడు. పెట్టెలో మడత పెట్టిన కాగితం కూడా తెచ్చాడు. విప్పితే దుప్పటంత అయింది. తలనొప్పి ఉన్న మనిషి చేతే అదంతా చదివించి, "అరుదుగా కొందరిలో" అన్న చోట ఆపి, "ఇంతకీ నువ్వు అరుదైనదానివా, మామూలుదానివా?" అని అడిగాడు. పెళ్లయిన రెండో వారంలో భార్యని అడగాల్సిన ప్రశ్న కాదది. గొడవ ముగిసేసరికి తలనొప్పి ఎటు పోయిందో పోయింది.

"చూశావా? మాత్ర మిగిలింది," అన్నాడు బావ.

వాళ్ల ఆఫీసు లిఫ్టులో "ఎనిమిది మంది లేదా ఐదువందల నలభై నాలుగు కిలోలు" అని రేకు కొట్టి ఉంటుంది. ఆ "లేదా" ఆయన బుర్రలో దిగబడింది. ఎక్కిన ప్రతివాళ్లనీ బరువు అడిగి, కూడుకుని, లెక్క దాటితే చివర ఎక్కినవాళ్లని దించేసేవాడు. ఒకరోజు చివర ఎక్కింది మేనేజరుగారి భార్య. మర్నాటికల్లా బావ సీటు కింది అంతస్తుకి మారింది. లిఫ్టుకీ ఆయనకీ బంధం తెగిపోయింది.

ఇక అసలు చరిత్రకి వద్దాం.

మా అక్క నర్సు. పదకొండేళ్లు వార్డుల్లో నిలబడి మోకాళ్లు అరగదీసుకుంది. ఆసుపత్రివాళ్లు, మంచం పట్టిన రోగుల్ని ఇళ్లకే వెళ్లి చూసొచ్చే పోస్టు ఒకటి కొత్తగా పెట్టారు. అక్కకి దాని మీదే ప్రాణం. ఇస్తామన్నారు కూడా. ఒకటే షరతు: నెలాఖరులోగా డ్రైవింగ్ లైసెన్సు చూపించాలి. లేకపోతే పక్క వార్డు నర్సుకి ఇచ్చేస్తారు. ఆవిడకి లైసెన్సు ఉంది. ఆ సంగతి ఎవరూ మర్చిపోకుండా రోజూ తాళంచెవి వేలికి తిప్పుకుంటూ తిరుగుతుంది.

అక్కకి నడపడం రాక కాదు. ఖాళీ మైదానంలో, ఇంట్లో ఉన్న ఆ భారీ ఎస్‌యూవీని ముందుకీ వెనక్కీ బొంగరంలా తిప్పేది. పరీక్ష రోజు మాత్రం పొద్దున లేచిన దగ్గర్నుంచి తిండి మానేసి, కిటికీ పక్కన కూర్చుని భయం కూడబెట్టుకునేది. మధ్యాహ్నానికి ఆ భయమంతా చేతుల్లోకి దిగేది. మొదటిసారి ఇండికేటర్ వేయమంటే వైపర్లు వేసింది. ఆపమంటే ఇంకా వేగంగా తిప్పింది. రెండోసారి ప్లాస్టిక్ కోన్‌ని గుద్ది, బండి దిగి, దానికి ఎక్కడ తగిలిందోనని వంగి చూసింది. నర్సు కదా. పరీక్ష పెట్టే ఆఫీసరు వృత్తిధర్మానికి మార్కులు వేయలేదు.

మూడో పరీక్ష సరిగ్గా నెల ఆఖరి రోజున, మధ్యాహ్నం మూడింటికి. అక్కకి ధైర్యం చెప్పడానికి నేను ముందురోజే వచ్చాను. వచ్చి, "ఈసారి పోతే ఇక పోయినట్టేగా అక్కా?" అని అడిగాను. ధైర్యం చెప్పడంలో నాకంత అనుభవం లేదు.

పొద్దున్న ఏడింటికి బావ బండి స్టార్ట్ చేశాడు. బండి చలిజ్వరం వచ్చినట్టు గడగడా వణికింది.

"మిస్ అవుతోంది," అన్నాడు బావ, నాడి చూస్తున్నట్టు స్టీరింగ్ పట్టుకుని. "స్పార్క్ ప్లగ్గులు. మార్చాలి."

అక్క మొహం పాలిపోయింది. "ఇవాళా? మెకానిక్‌ని పిలవండి!"

"ఆయన పదకొండుకి గానీ షెడ్డు తీయడు. అప్పటికి మన పని అయిపోతుంది. కొత్త ప్లగ్గులు తెచ్చిపెట్టాను. పుస్తకం ఉంది. నాలుగే కదా."

"మీరా?" అంది అక్క. ఆ రెండక్షరాల్లో తొమ్మిదేళ్ల కాపురం ఉంది.

"నేను చేస్తా. నువ్వు చదువు."

"మూడింటికి నాకు పరీక్షండీ!"

"అందుకే తొందరపడదాం అంటున్నా. కూర్చో. నూట నలభయ్యో పేజీ."

కారు షెడ్డులో కుర్చీ వేసి అక్కని కూర్చోబెట్టాడు. నా చేతికి టార్చి ఇచ్చాడు. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది.

"ఇంత వెలుతురుంటే టార్చి ఎందుకు బావా?"

"పుస్తకంలో టార్చి ఉంది బామ్మర్దీ. ఎండ లేదు."

మొదటి వాక్యం అక్క చదివింది: "ఇంజన్ పూర్తిగా చల్లారిన తర్వాతే పని ప్రారంభించవలెను."

బావ పుస్తకం ప్రకారం గోడకి చేరగిలబడ్డాడు. "ఆగుదాం."

"నడిచిందే అర నిమిషం! చల్లారడానికి దానికి వేడెక్కడిదీ?"

"పూర్తిగా అని ఉందా, లేదా?"

"ఉంది."

"మరి?"

గంట గడిచింది. మధ్యలో అక్క సంచిలోంచి జ్వరం చూసే థర్మామీటర్ తీసి ఇంజన్ మీద పెట్టాడు. "అది రోగులకండీ!" అని అక్క అరిస్తే, "దీనికి మాత్రం ఆరోగ్యం ఎక్కడుంది?" అన్నాడు.

తర్వాత పనిముట్ల హాజరు. అక్క ఒక్కోదాని పేరు చదవాలి, బావ దాన్ని ఎత్తి చూపించి "ఉంది" అనాలి. నేను టార్చి వేయాలి. స్క్రూడ్రైవర్ ఒకటి రెండుసార్లు హాజరు పలికిందని అనుమానం వచ్చి మళ్లీ మొదటి నుంచి పిలిచాం. ఆ తర్వాత నూట నలభయ్యో పేజీ మమ్మల్ని మూడో పేజీకి పంపింది. అక్కడున్నది చూసి అక్క లేచి నిలబడింది.

"ఇదిగో! ఏం రాశాడో వినండి. 'ఈ పనిని శిక్షణ పొందిన మెకానిక్ చేత చేయించవలెను.' పుస్తకం ప్రకారమే చెబుతున్నా, ఇప్పటికైనా మెకానిక్‌ని పిలవండి!"

"అది సలహా," అన్నాడు బావ. "సూచన కాదు. పక్క పేజీ తిప్పు."

ఆయన పుస్తకాన్ని ధిక్కరించడం పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. కానీ పట్టపగలు టార్చి పట్టుకుని నిలబడ్డవాడికి ఒకరిని అనుమానించే హోదా ఉండదు.

పదింటికి మొదటి ప్లగ్గు ముహూర్తం కుదిరింది. మూత తీసి, ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ పైకి లాగి, బావ బానెట్ కింద నడుం దాకా మాయమయ్యాడు.

"కళ్లు మూసుకో బామ్మర్దీ. దుమ్ము లేస్తుంది."

"అలా ఎక్కడా లేదే?" అంది అక్క పేజీ మీద వేలు పెట్టుకుని.

"కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది."

కళ్లు మూసుకున్నాను. రెంచి చాలాసేపు కటకటలాడింది. బావ పైకి లేచి, గుడ్డలో పెట్టి చూపించాడు: బొగ్గు ముక్కలాంటి ప్లగ్గు, ముట్టుకుంటే మసి మనిషికంతా అంటుకునేలా ఉంది.

"ఛీ! ఇది పెట్టుకునా మనం ఊరంతా తిరుగుతోంది?" అంది అక్క.

బావ అటు తిరిగి, జేబులోంచి ఏదో తీసి, మళ్లీ వంగి, మళ్లీ కటకటలాడించి లేచాడు. "అయింది. ఇక రెండోది. మొదటి నుంచి చదువు."

"ఇప్పుడేగా చదివాను!"

"అది ఒకటో ప్లగ్గుకి."

రెండో ప్లగ్గుకి అక్క పళ్ల సందులోంచి చదివింది. పదకొండింటికి అక్క మెకానిక్‌కి ఫోన్ చేస్తే, షెడ్డులో ఇంకో బండి ఇంజన్ విప్పి ఉంది, సాయంత్రం గానీ రాలేనన్నాడు. మూడో ప్లగ్గుకి అక్క పుస్తకం మూసేసి, కంఠతా వచ్చిందంతా ఒక్క ఊపిరిలో అప్పజెప్పింది. "చూసి చదువు. తప్పు పోతే బాధ్యత ఎవరిది?" అన్నాడు బావ. అక్క లేచి వంటింట్లోకి వెళ్లింది. కిందటి రెండు పరీక్షల రోజూ మంచినీళ్లు కూడా దిగని మనిషి, ఆ రోజు రెండుసార్లు వడ్డించుకుని తింది. గిన్నెల చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

రెండూ పదికి నాలుగో ప్లగ్గు అయింది. బండి పిల్లిలా, మెత్తగా స్టార్టయింది.

"ఇప్పుడు పుస్తకం ప్రకారం పది నిమిషాలు..." అని బావ మొదలుపెట్టాడు.

"దిగండి," అంది అక్క.

"అది కాదు, పుస్తకం..."

"ఆ మాట ఇంకొక్కసారి అన్నారంటే ఆ పుస్తకం మీద మిమ్మల్ని పడుకోబెట్టి, మీ మీదుగా బండి పోనిస్తా. దిగి, అటు పక్క ఎక్కండి!"

బావ ఎక్కాడు. నేను వెనక సీట్లో నక్కాను. ఆ ప్రయాణం నేను మర్చిపోలేను. ఇంటి గేటు దగ్గర మొదలైన తిట్లు ఎక్కడా తెగలేదు. ఆ తిట్ల మధ్యలోనే గేర్లు పడ్డాయి, ఇండికేటర్లు వెలిగాయి, ఎదురొచ్చిన లారీ పక్కకి తప్పుకుంది. "మీ అమ్మ కడుపులోంచి కూడా పుస్తకం చదివించుకునే బయటికొచ్చి ఉంటారు మీరు!" అంటూనే పరీక్ష ఆఫీసు ముందు రెండు కార్ల మధ్య ఖాళీలోకి ఒకే ఒక్క తిప్పుతో వెనక్కి పెట్టి, చేతి బ్రేకు లాగింది. టైము రెండూ యాభై.

ఆఫీసరు కాగితాలు చూశాడు. వైపర్లు గుర్తున్నట్టున్నాయి, కాస్త దూరంగా నిలబడ్డాడు.

"భయంగా ఉందా అమ్మా?"

"భయమా? అంత తీరికెక్కడిదండీ నాకు? త్వరగా కానివ్వండి. ఇంటికెళ్లి ఈయన సంగతి తేల్చాలి."

ఆఫీసరు బావ వైపు జాలిగా ఒక చూపు చూసి, బండెక్కి, బెల్టు గట్టిగా బిగించుకున్నాడు. కోన్లన్నీ క్షేమంగా ఉన్నాయి. అక్క పాసయింది. కాగితం పర్సులో పెట్టుకుని, తిట్టడం ఎక్కడ ఆపిందో అక్కణ్నించే మొదలుపెట్టింది.

పోస్టు వచ్చింది. నాకు కథ దొరికింది. నాలుగు ప్లగ్గులకి ఏడు గంటలు తీసుకున్న వీరుడి గాథని ఏడాది పాటు చుట్టాలందరికీ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒక అరగంట కలిపాను. బావ ఎదురుగానే కూర్చుని వినేవాడు. "పుస్తకం ప్రకారం చేస్తే అంతే పడుతుంది మరి," అనేవాడు. అందరూ ఇంకా నవ్వేవాళ్లు.

ఏడాది తర్వాత ఒక ఆదివారం, సర్వీసుకని బండి నేనే షెడ్డుకి తీసుకెళ్లాను. మెకానిక్ ఇంజన్ విప్పి చూసి, "ప్లగ్గులు మార్చే టైమొచ్చింది సార్," అన్నాడు.

"కిందటేడే మార్చాంగా. నేనే టార్చి పట్టుకున్నా."

ఆయన ఒకటి విప్పి నా అరచేతిలో పెట్టాడు. "ఇవి బండితో పుట్టినవి సార్. మొన ఎంత అరిగిందో చూడండి. ఏడాదికి ఇంత అరగదు. ఇప్పటిదాకా వీటిని ఎవరూ ముట్టుకోలేదు." బండి నంబరు వైపు చూసి నవ్వాడు. "ప్రకారంగారి బండి కదూ? కిందటేడు వచ్చి, మేం పారేసిన వాటిలో బాగా మసిపట్టినవి నాలుగు ఏరుకెళ్లారు. ఎందుకండీ అంటే, ఇంట్లో అవసరం అన్నారు."

మార్చమని చెప్పి, రెండు వీధుల అవతలున్న అక్క ఇంటికి నడిచాను. బావ వరండాలో పేపరు చూస్తున్నాడు. అక్క లోపల ఉంది. గొంతు తగ్గించాను.

"ఆ రోజు బండి ఎందుకు వణికింది బావా?"

ఆయన ఒకసారి లోపలికి చూశాడు. "ఒక కాయిల్ తీగ ఊడదీస్తే ఏ బండైనా వణుకుతుంది. నూట నలభై రెండో పేజీ."

"మీరు పుస్తకం సొంతంగా చదివారా!" నాకు మిగతావన్నీ ఆ తర్వాతే గుర్తొచ్చాయి.

"ఒక్కసారే. బయట చెప్పకు."

"పోనీ, నిజంగానే మార్చేయొచ్చుగా?"

"పరీక్షకెళ్లే బండిలో నేను చెయ్యి పెట్టాలా? నా పనితనం నాకు తెలీదా బామ్మర్దీ?" పేపరు మడిచాడు. "భయమేస్తే మీ అక్కకి చేతులు వణుకుతాయి. కోపమొస్తే వణకవు. పదేళ్లుగా చూస్తున్నా. ధైర్యం చెప్పడం నాకు రాదు. కోపం తెప్పించడం వచ్చు."

"ఏడాదిగా మిమ్మల్ని ఇంత ఆడిపోసుకున్నాం. ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెబితే, నా వల్ల పాసయ్యాననుకుంటుంది. నడిపింది తనే కదా."

లోపల్నుంచి అక్క గొంతు వినిపించింది. "ఏమండీ, కొత్త మిక్సీ పెట్టె విప్పారా లేదా?"

"పుస్తకం చదివేవాళ్లు లేరు!" అని బావ అరిచాడు. లోపల ఏదో గిన్నె విసురుగా కింద పెట్టిన చప్పుడయింది. ఆయన హాయిగా పేపరు తెరిచాడు.

నేను షెడ్డుకి తిరిగి వెళ్లేసరికి బండి కడిగి బయటపెట్టి ఉంది. నాలుగు ప్లగ్గులూ మార్చడానికి మెకానిక్‌కి ఇరవై రెండు నిమిషాలు పట్టింది.