చంద్రకళ గది కిటికీ

శేషగిరి పంతులుకి ఆ కిటికీతో ప్రాణం విసిగిపోయింది. కాశీబుగ్గలో ఆయన ఇంటి వెనకే జీడిపిక్కల ఫ్యాక్టరీ. పొద్దస్తమానం బాయిలరు హోరు, గొంతు పట్టేసే పొగ. అందుకే భార్య చంద్రకళ గదికి రెండు పొరల అద్దం పెట్టించాడు. పంతులు ఇంటికి విమానం కిటికీ వచ్చిందని వీధి వీధంతా నవ్వింది. నవ్వేవాళ్ళదేం పోయింది!

చంద్రకళకి కిడ్నీలు పాడయ్యాయి. పొట్టకి ట్యూబు వేశారు. రోజుకి నాలుగుసార్లు లోపలి నీళ్ళు దింపేసి, సంచీలోని మందునీళ్ళు ఎక్కించుకోవాలి. ఇంట్లోనే చేసుకోవచ్చు గానీ తలుపులు మూసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని చెయ్యాలి. దుమ్ము చేరితే పొట్టలో చీము పడుతుంది. ఒకసారి పడింది కూడా. ఇంకోసారి పడితే ట్యూబు తీసేసి ఆసుపత్రిలో రక్తం కడిగే మిషను మీదికి పంపాల్సిందేనని డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు. ఆవిడ తమ్ముడు ఆ మిషను మీదే పోయాడు. ఆ మాట వింటేనే ఆవిడకి వణుకు.

మొన్నటి గాలివానకి కొబ్బరిమట్ట వచ్చి కొట్టడంతో అద్దం రెండు పొరలూ బీటలిచ్చాయి. పలాసలో అద్దాల కొట్టు లోకేష్ కొలతలు తీసుకెళ్ళి విశాఖపట్నం నుంచి కొత్తది తెప్పించాడు. పొద్దుటి సంచీ అయ్యాక మొదలుపెట్టి మధ్యాహ్నం సంచీ వేళకి బిగించేస్తానన్నాడు.

వచ్చాడు. పాత అద్దం ముక్కలుగా ఊడదీశాడు. ఫ్రేము మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసుకున్నాడు.

"పంతులుగారూ, సెక్కకి ఏటి రాసేరండీ?"

"జీడి నూనె. చెదలు పట్టకుండా నిన్న సాయంత్రం రాశాను. అద్దం బిగిస్తే మళ్ళీ సందు దొరకదు కదా అని."

ఈ ఉద్దానం ప్రాంతం మనిషికి చెక్క కనబడితే జీడి నూనె పూయకుండా చెయ్యి ఊరుకోదు. దూలానికి పూస్తారు, తలుపుకి పూస్తారు, పడవకీ పూస్తారు. పంతులు మరీ శ్రద్ధగా రెండు పూతలు పూశాడు.

లోకేష్ గమ్ము పెట్టి చూశాడు. జారిపోయింది. గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది.

"అవ్వదండీ. ఇదంతా గోకీసి ఆరబెట్టాల. రేపొద్దున బిగిత్తాను. ఇప్పటికి అట్ట కడతాను గానీ, పొగ ఆగదు."

పంతులు మంచం మీద కూలబడ్డాడు. తెల్లవారుజామున మందసలో గృహప్రవేశం చేయించి వచ్చిన ఒళ్ళు. కోపం తెచ్చుకుందామన్నా ఓపిక లేదు, తెచ్చుకుంటే తనమీదే తెచ్చుకోవాలి. చంద్రకళ పొట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆవిడకి ఆయాసం మొదలైంది.

"ఎక్కడ చేసుకోనండీ?"

హాలు పెంకులది, పైనుంచి నుసి రాలుతుంది. వంటింటికి తలుపే లేదు. ఇక స్లాబు కింద ఉండి, కిటికీ లేకుండా, తలుపు మూస్తే మూసుకునేది ఒక్కటే ఉంది. దేవుడి గది.

పంతులు లేచాడు. దీపం కొండెక్కించాడు. పటాలు, సాలగ్రామం ఒక్కొక్కటే తెచ్చి హాల్లో పీట మీద పెట్టాడు. గదంతా డెట్టాలుతో తుడిచాడు. గంట వేలాడే కొక్కేనికి మందునీళ్ళ సంచీ తగిలించాడు.

"రా."

ఆవిడ గడప దగ్గర ఆగిపోయింది. ట్యూబు వేసిన దగ్గర్నుంచీ ఆ గడప దాటలేదు. పూలు కోసి బయటినుంచే అందించేది, ఆయన అందుకునేవాడు.

"మైల కదండీ. పొట్టలో నీళ్ళు..."

"ఏం మైల? నేను చెబుతున్నాను, రా."

చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని వచ్చి ఆయన పూజ చేసుకునే పీట మీద కూర్చుంది. ఆయనా మాస్కు కట్టుకుని తలుపు మూశాక ట్యూబు కలిపింది. పాతనీళ్ళు కిందికి దిగసాగాయి. ఆవిడ పటాలు తీసేసిన ఖాళీ గోడనే చూస్తూ కూర్చుంది. తరవాత మాస్కు వెనకనుంచి మెల్లగా అంది.

"వద్దని మీరెప్పుడూ అనలేదు. నిజమే. కానీ రమ్మని కూడా ఇవాళ దాకా అనలేదండీ."

ఊరందరికీ శుద్ధి చేయించే పంతులు ఆవిడ పీట పక్కన నేల మీద కూర్చుని, పాతనీళ్ళు దిగుతున్న సంచీని తన చేతులతో పట్టుకున్నాడు.